గని తెరిచే ముందే మూసే ఖర్చు చెప్పండి

యురేనియం గనులు, తీర ఖనిజాల తవ్వకాల మూసివేతపై బహిరంగ లేఖ

విశాఖపట్నం

రాష్ట్ర గనుల శాఖ, కాలుష్య నియంత్రణ మండలి, అణుశక్తి నియంత్రణ బోర్డు అధికారులకు,

నమస్కారం. మేం విశాఖలో ఉంటున్న కొందరం. మాలో భూగర్భ శాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాళ్లున్నారు, భీమిలి వైపు వేటకెళ్లే కుటుంబాలవాళ్లున్నారు, కోర్టుల్లో వాదించే లాయర్లూ ఉన్నారు. అణు విద్యుత్తు కావాలా వద్దా అన్న విషయంలో మాలో మాకే ఒక మాట లేదు. కాబట్టి ఈ లేఖ ఆ గొడవ గురించి కాదు. మేం అడుగుతున్నది ఒక్కటే. గనిలో సరుకు అయిపోయి కంపెనీ వెళ్లిపోయాక, ఆ చోటును శుభ్రం చేసే డబ్బు ఎక్కడుంది? ఎవరి పేరున ఉంది?

ఇదే మాట అర్జీగా పెట్టాం. కొన్నాళ్లకు ఫోనుకు మెసేజ్ వచ్చింది: మీ అర్జీ పరిష్కరించబడింది అని. ఏం పరిష్కరించారో అందులో లేదు. సమాచార హక్కు కింద అడిగితే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకు బదిలీ చేసింది, ఆ రెండో ఆఫీసు ఇది మా పరిధి కాదంది. ఫలానా ఆఫీసని పేరు పెట్టి రచ్చ చేయడం మా ఉద్దేశం కాదు. పేర్లు మారినా జవాబు మారడం లేదు కాబట్టే నలుగురికీ తెలిసేలా రాస్తున్నాం.

యురేనియం గని కడప జిల్లాలో ఉంటే విశాఖవాళ్లకు ఎందుకీ టెన్షన్ అని అడగొచ్చు. రెండు కారణాలున్నాయి.

మొదటిది మా కాళ్ల కిందే ఉంది. భీమిలి తీరంలో అల వెనక్కి తగ్గాక ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి. దోసిట్లోకి తీసుకుంటే మామూలు ఇసుక కన్నా బరువు తెలుస్తుంది. ఇల్మనైట్, గార్నెట్, జిర్కాన్, వాటితో పాటు పసుపు, గోధుమ రంగుల్లో చిన్న గింజలుగా మోనజైట్. మోనజైట్‌లో థోరియం ఉంటుంది, కొద్దిగా యురేనియం కూడా. దేశంలో మోనజైట్ నిల్వలు అందరికన్నా ఎక్కువున్నది మన రాష్ట్రంలోనే. ఇల్మనైట్, గార్నెట్ ఏరి అమ్ముకున్నాక మోనజైట్ పోగుపడిన ఇసుక మిగులుతుంది. దాన్ని కందకాల్లో పూడ్చి పైన మామూలు ఇసుక కప్పుతారు. ఏ కందకం ఎక్కడుందో ముప్పై ఏళ్ల తర్వాత ఎవరికి గుర్తుంటుంది?

రెండోది 2020 మే 7. ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్టైరీన్ ఆవిరికి 12 మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. ఆ తెల్లవారుజామున ఆ ఫ్యాక్టరీ నడవడం లేదు. లాక్‌డౌన్‌తో ఆగి ఉంది. ట్యాంకులో సరుకు మాత్రం ఉంది. నడిచే ఫ్యాక్టరీ మీద పదిమంది కళ్లుంటాయి. ఆగిపోయినదాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ పాఠం మిగతా రాష్ట్రానికన్నా మాకు బాగా తెలుసు. ఆ ట్యాంకు ఆగి ఉన్నది కొన్ని వారాలు. గని ఆగిపోతే వందల ఏళ్లు.

యురేనియం రాయిలో అసలు సరుకు చాలా తక్కువ. కడప జిల్లా తుమ్మలపల్లి గనిలో టన్ను రాయి నుంచి అరకిలో రావడం కూడా కష్టమే. రోజుకు 3,000 టన్నుల రాయిని నలిపేలా కట్టిన మిల్లు అది. అంటే తవ్విన రాయి దాదాపు మొత్తం మెత్తటి బురదై అక్కడే ఉంటుంది. యురేనియం తీసేశారు కదా, ఇక భయమేంటి అనుకుంటాం. కానీ రాయిలోని అణుధార్మికతలో సుమారు 85 శాతం ఆ బురదలోనే మిగులుతుంది. థోరియం-230, రేడియం-226 మిల్లులో బయటికి రావు. రేడియం సగానికి తగ్గడానికి 1,600 ఏళ్లు పడుతుంది, థోరియం-230కి 75 వేల ఏళ్లు. రేడియం నుంచి రేడాన్ అనే వాయువు పుడుతూనే ఉంటుంది. వాసన ఉండదు, రంగు ఉండదు.

దీన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో అమెరికాలో నవాహో తెగవాళ్ల నేల చూపించింది. 1944 నుంచి 1986 దాకా అక్కడ దాదాపు 3 కోట్ల టన్నుల యురేనియం రాయి తవ్వారు. ప్రభుత్వానికి బాంబులకు కావాలి, కంపెనీలకు లాభం కావాలి, స్థానికులకు కూలి కావాలి. గనిలో దిగేవాళ్లకు రేడాన్ గురించి చెప్పినవాడు లేడు. ధర పడిపోగానే కంపెనీలు వెళ్లిపోయాయి. 500కు పైగా గనులు నోళ్లు తెరుచుకుని మిగిలాయి. గని పక్కన ఊరికే పడున్న రాళ్లతో జనం ఇళ్లు కట్టుకున్నారు. ఇందులో వాళ్ల అమాయకత్వం ఏమీ లేదు. మన ఊళ్లో క్వారీ పక్కన కంకర గుట్ట ఊరికే పడుంటే ట్రాక్టరు తోలుకెళ్లి పునాదుల్లో పోయకుండా ఉంటామా? దశాబ్దాల తర్వాత వాటిలో కొన్ని ఇళ్లను కూల్చి కొత్తవి కట్టివ్వాల్సి వచ్చింది.

1979 జులై 16న అక్కడి చర్చ్ రాక్ దగ్గర మిల్లు వ్యర్థాల చెరువు కట్ట తెగింది. 35 కోట్ల లీటర్లకు పైగా ఆమ్లపు నీరు, వెయ్యి టన్నులకు పైగా వ్యర్థం ప్యూర్కో వాగులోకి పోయాయి. అదే ఏడాది మార్చిలో జరిగిన త్రీ మైల్ ఐలండ్ రియాక్టరు ప్రమాదం ప్రపంచమంతటికీ తెలుసు. బయటికొచ్చిన అణుధార్మికత లెక్కన దానికన్నా పెద్దదైన చర్చ్ రాక్ ఎంతమందికి తెలుసు? అది గొర్రెలు మేపుకునేవాళ్ల ఊరు మరి.

డబ్బు సంగతి ఇంకా ఘోరం. కెర్-మెక్‌గీ అనే కంపెనీ పాత గనుల శుద్ధి భారాన్ని ట్రోనాక్స్ అనే కొత్త కంపెనీ నెత్తిన పెట్టి చేతులు దులుపుకుంది. 2009లో ట్రోనాక్స్ దివాలా తీసింది. భారం ఎగ్గొట్టడానికే ఇలా చేశారని కోర్టు తేల్చాక, 2014లో కెర్-మెక్‌గీని కొన్న సంస్థ 500 కోట్ల డాలర్లకు పైగా కట్టడానికి ఒప్పుకుంది. అందులో దాదాపు 100 కోట్ల డాలర్లు నవాహో నేలకు వచ్చాయి, అదీ సుమారు 50 గనులకు. మొత్తం గనుల్లో సగానికి పైగా వాటికి ఇప్పటికీ డబ్బు సమకూరలేదు. 2005లోనే నవాహో పాలకమండలి తమ నేల మీద యురేనియం తవ్వకాన్ని నిషేధించింది. అప్పటికి ఒక తరం పోయింది.

శుద్ధి చేయడం అసాధ్యమని మేం అనడం లేదు. తూర్పు జర్మనీలో విస్మట్ సంస్థ 1946 నుంచి 1990 దాకా 2 లక్షల టన్నులకు పైగా యురేనియం తీసింది. దేశం ఏకమయ్యాక 1991 నుంచి ప్రభుత్వమే ఖజానా తెరిచి శుద్ధి మొదలుపెట్టింది. రొన్నెబర్గ్ దగ్గర గుట్టలు గుట్టలుగా ఉన్న వ్యర్థాన్ని పాత గోతిలోకి నింపారు. 2007లో ఆ పరిసరాల్లో జాతీయ ఉద్యాన ప్రదర్శన పెట్టారు. చూసి కుళ్లుకోవాల్సిన పనే. కానీ ఖర్చు 600 కోట్ల యూరోలు దాటింది, పని ఇంకా అయిపోలేదు. అదంతా జనం పన్నుల డబ్బే. ఆస్ట్రేలియాలో రమ్ జంగిల్ గనిని 1980లలో ఒకసారి శుద్ధి చేశారు. అది నిలవలేదు. మళ్లీ మొదటి నుంచి చేస్తున్నారు.

ఇక మన దగ్గరికి వద్దాం. తుమ్మలపల్లి గని మూతపడలేదు, నడుస్తోంది. అందుకే ఇప్పుడు మాట్లాడాలి. అక్కడ రాయి సున్నపు జాతిది కాబట్టి ఆమ్లం వాడరు, సోడియం కార్బొనేట్ వాడతారు. ఈ పద్ధతిలో యురేనియం కార్బొనేట్‌తో జట్టుకట్టి నీళ్లలో హాయిగా కరిగిపోతుంది. బంకమట్టికి అంతగా అంటుకోదు, నీటితో పాటు నడుస్తుంది. అలాంటి చోట మిల్లు బురదను నింపే చెరువు (టెయిలింగ్ పాండ్) అడుగున నీరు ఇంకకుండా వేసే లైనింగే ప్రాణం. గని దగ్గరి కె.కె.కొట్టాల, ఆ చుట్టుపక్కల ఊళ్ల రైతులు 2018 నుంచీ అరటి తోటలు దెబ్బతిన్నాయని, బోరు నీళ్లు పాడయ్యాయని మొత్తుకుంటున్నారు. పాండ్ లైనింగు విషయంలో కాలుష్య నియంత్రణ మండలి నోటీసు కూడా ఇచ్చింది. ఆ నేల రాళ్లలో సహజంగానే యురేనియం ఉంది, నీళ్లలో కనిపించేది అదేనన్న వాదన కూడా ఉంది. కొంత నిజం కావచ్చు. అది తేలాలంటే గని తెరవకముందు ఆ బావుల్లో ఎంత ఉందో లెక్క చూపించాలి. ఆ లెక్క పంచాయతీ ఆఫీసు గోడ మీద ఉండి ఉంటే ఇన్నేళ్ల తగువే ఉండేది కాదు.

ఈలోగా, 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఒక మెమో ఇచ్చింది. అణు, కీలక, వ్యూహాత్మక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదట. అప్పటిదాకా ఆ సభల్లో ఒరిగింది పెద్దగా లేకపోయినా, టెంట్ కింద మైకు పట్టుకుని ఒక రైతు నాలుగు ముక్కలు అడిగే వీలుండేది. ఇప్పుడు అదీ పోయింది. 2024లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తారనగానే జనం రోడ్డెక్కారు. చెప్పేవాడు లేనప్పుడు రోడ్డు తప్ప దారేముంటుంది?

సామాన్యుడికి వచ్చే నష్టాలు ఇవి:

1. నీళ్లు. తాగునీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన భారతీయ ప్రమాణాల సంస్థ కూడా చెబుతున్నాయి. యురేనియం మొదట దెబ్బతీసేది మూత్రపిండాలను, అదీ అణుధార్మికత కన్నా ముందు దాని విషగుణంతో. ఉద్దానం చూసిన ఉత్తరాంధ్రవాళ్లకు కిడ్నీ జబ్బు ఒక ఇంటిని ఏం చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు. (ఉద్దానం జబ్బును యురేనియానికి అంటగట్టడం లేదు, అది వేరే చర్చ.) బోరు పాడైతే పట్నంలో టిన్ను కొనుక్కుంటారు. ఊళ్లో ఆవు ఏం తాగుతుంది, తోటకు ఏం పెడతారు?

2. భూమి. నీరు పాడైందన్న పుకారు చాలు, ఎకరం కొనేవాడుండడు. అరటి గెల కోతకొచ్చాక వ్యాపారి వెనక్కి పోతాడు. బ్యాంకు లోను ఆగిపోతుంది. కాలుష్యం ఉందో లేదో తేలకముందే రైతు మునిగిపోతాడు. పరీక్షల ఫలితాలు దాచడం వల్ల కంపెనీకి మేలేమో గానీ, నిజంగా నీళ్లు బాగున్న రైతుకు కూడా అన్యాయమే.

3. కాంట్రాక్టు కూలీ. పర్మినెంటు ఉద్యోగికి డోసు రికార్డు (ఒంటికి ఎంత అణుధార్మికత తగిలిందన్న లెక్క), మెడికల్ కార్డు ఉంటాయి. లారీ తోలేవాడు, పైపులు మార్చేవాడు, గుట్ట మీద మట్టి చదును చేసేవాడు ఏజెన్సీ మారినప్పుడల్లా కొత్త మనిషే. ఇరవై ఏళ్ల తర్వాత ఊపిరితిత్తుల జబ్బొస్తే ఆయన ఎక్కడ పనిచేశాడో నిరూపించే కాగితం ఉండదు. అమెరికా తన యురేనియం కార్మికులకు పరిహారం ఇచ్చే చట్టం 1990లో చేసింది. అక్కడ కూడా పాత రికార్డులు దొరకక వితంతువులు ఆఫీసుల చుట్టూ తిరిగారు.

4. తీరం. మా ఊళ్లలో ఇసుక దిబ్బలు, సరుగుడు తోటలు ఊరికే అందానికి లేవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు వాటి విలువ తెలిసింది. దిబ్బ కింద మంచినీటి పొర ఉంటుంది, మత్స్యకారుల బావులు దాని మీదే ఆధారం. దిబ్బ తవ్వి ఖనిజం ఏరి ఇసుకను మళ్లీ పోసినా, ఆ ఎత్తు, ఆ తోట, ఆ నీరు వెంటనే రావు. ఈ తిరిగి పెంచే బాధ్యత ఎన్నేళ్లు, ఎవరిది?

అమెరికాలో 1978 చట్టం కింద వచ్చిన ప్రమాణాల ప్రకారం యురేనియం మిల్లు వ్యర్థాల మీద వేసే కప్పు వీలైనంతవరకు వెయ్యేళ్లు, తక్కువలో తక్కువ 200 ఏళ్లు నిలవాలి. వెయ్యేళ్లంటే రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు ఏలిన కాలం నుంచి ఈ రోజుదాకా. అంత పొడుగు బాధ్యతను ఐదేళ్ల కాంట్రాక్టు, మూడేళ్ల పోస్టింగు మోయలేవు. వ్యవస్థ కావాలి. అందుకే మా డిమాండ్లు:

1. ప్రతి యురేనియం గనికి, ప్రతి తీర ఖనిజాల లీజుకు మూసివేత ప్రణాళికను, దానికయ్యే ఖర్చు అంచనాను పూర్తిగా తెలుగులో బయటపెట్టాలి. నిల్వలెంత, ఎగుమతులెంత అన్న దేశ రహస్యాలు మాకు అక్కర్లేదు. గుట్ట మీద కప్పు మందం ఎంత, కట్ట ఎవరు చూస్తారు, ఎన్నేళ్లు చూస్తారు అన్నవి రహస్యాలు కావు. అణుశక్తి అనే మాట వినగానే ఫైలు మూసేసే అలవాటు మానుకోవాలి.

2. ఆ ఖర్చును కంపెనీ లెక్కల పుస్తకంలో అంకెగా కాదు, ప్రభుత్వం, కంపెనీ ఉమ్మడి సంతకంతో తప్ప కదలని విడి ఖాతాలో జమచేయాలి. టన్నుకింత అని తవ్వుతున్నప్పుడే వేయాలి. కంపెనీ చేతులు మారినా, పేరు మార్చుకున్నా ఖాతా గనితోనే ఉండాలి. ట్రోనాక్స్ కథ మనకు వద్దు. గని నడిపేది ప్రభుత్వ రంగ సంస్థ కదా, ఎక్కడికి పోతుందని అనొద్దు. ప్రభుత్వ సంస్థలు అమ్ముడుపోవడం గురించి విశాఖవాళ్లకు చెప్పాలా?

3. తుమ్మలపల్లి పాండ్ లైనింగు మీద ఇప్పటిదాకా జరిగిన తనిఖీ నివేదికలన్నీ బయటపెట్టాలి. చుట్టుపక్కల బావులు, బోర్ల నీటిని మూడు నెలలకోసారి పరీక్షించి ఫలితాలు ఆయా పంచాయతీల్లో అంటించాలి. యురేనియం ఒక్కటే చూస్తే సరిపోదు. పాండ్ నుంచి ఊట మొదలైతే ముందుగా కనిపించేవి సోడియం, బైకార్బొనేట్, సల్ఫేట్. వాటిని వదిలేసి యురేనియం లేదు కాబట్టి అంతా బాగుందని రాస్తే అది పరీక్ష కాదు. తీసిన నమూనాలో సగం సీలు వేసి ఊరివాళ్ల చేతికివ్వాలి. వాళ్లు కోరిన విశ్వవిద్యాలయ ల్యాబులో చూపించుకుంటారు. తేలేదాకా ఆ ఊళ్లకు పైపు నీళ్లివ్వాలి, దానికి ఎవరి తప్పో తేలక్కర్లేదు.

4. వ్యర్థం ఉన్న ప్రతి చోటునూ, మోనజైట్ పూడ్చిన కందకాలతో సహా, సర్వే నంబర్లతో రెవెన్యూ రికార్డుల్లోకి ఎక్కించి రిజిస్ట్రేషన్ చేయకూడని 22-ఎ నిషేధిత జాబితాలో పెట్టాలి. భీమిలి వైపు గజం ధర పెరుగుతున్న తీరు చూస్తున్నాం. ఇవాళ్టి కందకం మీద రేపు సీ వ్యూ విల్లాలు లేవవని ఎవరు హామీ ఇస్తారు? బోర్డులు తుప్పు పట్టిపోతాయి, అధికారులు మారిపోతారు. సబ్ రిజిస్ట్రార్ కంప్యూటర్‌లో పడిన ఎంట్రీ మాత్రం అంత తేలిగ్గా పోదు.

5. అన్వేషణ కోసం వేసిన పాత బోర్లన్నీ సిమెంటుతో మూసి, వాటి మ్యాపు గ్రామ సచివాలయాల్లో పెట్టాలి.

6. కాంట్రాక్టు కార్మికుడు సహా పనిచేసిన ప్రతి ఒక్కరికీ డోసు రికార్డు నకలు చేతికివ్వాలి. ఏజెన్సీ మారినా నంబరు మారకూడదు. పని మానేశాక కూడా ఏడాదికోసారి ఉచిత పరీక్షలు.

7. కేంద్రం మెమో ఏమన్నా, గ్రామసభ పెట్టొద్దని రాష్ట్రాన్ని ఎవరూ అనలేదు. కొత్త లీజుకు రాష్ట్రం తరఫున సిఫారసు చేసే ముందు ఆ ఊళ్లో గ్రామసభ జరగాలి. వాళ్ల ప్రశ్నలు, మీ జవాబులు రికార్డు చేసి సిఫారసుకు జతచేయాలి.

మాలో భూగర్భ శాస్త్రం చెప్పినవాళ్ల తరఫున తోటి శాస్త్రవేత్తలకు కూడా ఒక మాట. ఈ రాయి ఎక్కడుందో వెతికిపెట్టింది మనమే. నిక్షేపం దొరికిన రోజున స్వీట్లు పంచుకున్నాం, పేపర్లు రాసుకున్నాం. తవ్విన తర్వాత సంగతి ఇంజనీర్లది, ఇంకెవరిదో అని తప్పుకోవడం మన చదువుకు తగదు. ఊట ఏ దిక్కుకు పోతుందో, ఏ బావి ముందు పాడవుతుందో ఊరివాళ్లకు మ్యాపు గీసి చెప్పగలిగింది మనమే. రిటైరైనవాళ్లకు ప్రమోషన్ భయం కూడా లేదు.

ఈ ఏడు అంశాల మీద అంశాలవారీగా రాతపూర్వక జవాబు కోరుతున్నాం. కుదరనివి ఏవో, ఎందుకు కుదరవో చెప్పినా సరే, దాని మీద మాట్లాడుకుంటాం. పరిష్కరించబడింది అన్న మెసేజ్‌ను మాత్రం జవాబుగా తీసుకోం. అరవై రోజుల్లో జవాబు రాకపోతే ఇవే డిమాండ్లతో మా లాయరు మిత్రులు హరిత ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేస్తారు. కాగితాలు సిద్ధం చేస్తున్నారు.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి కొందరు పౌరులు